ఇరవై నిమిషాలకో బకెట్

వంటింట్లోంచి, బకెట్ పక్కన స్టూలు మీద కూర్చుని

పానాకి,

నిన్ను అసలు పేరుతో పిలిస్తే ఎవరో పెద్దమనిషి రాశాడనుకుని చివరిదాకా చదివి, తరువాత మోసం అంటావు. అందుకని నువ్వు పానా చేత పట్టిన రోజు నుంచి నేను పిలుస్తున్న పేరుతోనే మొదలుపెడుతున్నాను. రాస్తున్నది మీ బావ. చింపకు, వెనక వైపు కూడా ఉంది.

ఫోన్ ఉండగా ఉత్తరం ఏమిటని ముఖం చిట్లించకు. నా నంబరు బ్లాక్ చేసింది నువ్వే. ముసలమ్మ గొంతుతో ఫోన్ చేసి, "నాయనా, మా ఫిల్టర్‌లోంచి నురగ వస్తోంది, కాస్త వచ్చి చూడు" అన్నది నేనే. నువ్వు సంచీ తగిలించుకుని ఊరంతా తిరిగి వెళ్తే నేను చెప్పిన ఇంటి నంబరు శ్మశానం గేటుది. ఒప్పుకుంటున్నాను. దానికి నాలుగేళ్ళ శిక్ష చాలదా? మీ అక్క ఫోన్లోంచి మాట్లాడదామంటే నా దగ్గు వినిపించినా పెట్టేస్తావు. కాగితానికి దగ్గు రాదు కాబట్టి కాగితం మీదికి వచ్చాను.

సంగతి ఇది. నువ్వు మా వంటింటి గోడకి బిగించి వెళ్ళిన ఫిల్టర్ ఇప్పుడు ఈ ఇంటి యజమాని. మేమిద్దరం పనివాళ్ళం. ఒక బిందె మంచినీళ్ళు ఇవ్వడానికి అయిదు బిందెలు పక్క గొట్టంలోంచి కక్కుతుంది. మా కుళాయి రోజు విడిచి రోజు, అదీ గంటసేపు. ఆ గంటలో పట్టి దాచుకున్న నీళ్ళు కళ్ళ ముందే సింకులోకి పోతుంటే మీ అక్క చూడలేకపోయింది. గొట్టం కింద బకెట్ పెట్టింది. ఆ బకెట్ ఇరవై నిమిషాల్లో నిండుతుంది. ఎత్తి బాత్రూం డ్రమ్ములో పోస్తుంది. డ్రమ్ము నిండితే టబ్బు, టబ్బు నిండితే గిన్నెలు, గిన్నెలు నిండితే ఇల్లు తుడుస్తుంది. మా గచ్చు ఎంత శుభ్రంగా ఉందంటే నడవాలంటే నాకే మొహమాటంగా ఉంటోంది. మొన్న టోపీ పెట్టుకునే ముందు అందులో కూడా నీళ్ళున్నాయేమోనని తడిమి చూసుకున్నాను. పైగా మెషిన్ ఆగినా గొట్టం ఆగదు. అప్పుడు గంటకో బకెట్. అంటే మీ అక్కకి విశ్రాంతి అన్నమాట.

నవ్వొద్దు. ఆవిడ కుడి మోచెయ్యి పట్టేసింది. నేను కత్తిరిస్తే గుండీలు, హెమ్మింగు ఆవిడే కుడుతుంది కదా, సూది పట్టుకున్న చేతిని ఎడమ చేత్తో పట్టుకుని కుడుతోంది. నీతో ఫోన్లో మాత్రం అంతా బాగుందని చెప్తుంది. బాగులేదు.

నువ్వు ఈ యంత్రాన్ని బాగుచేసి నీళ్ళు తక్కువ పోయేలా చేసే ఉపాయం రాసి పంపు. ఇక్కడి ప్లంబరు నన్ను చూస్తే రోడ్డుకి అవతలి పక్కకి వెళ్ళిపోతాడు. కారణం అడగకు.

నీ బావ

*

షాపు నుంచి, మధ్యాహ్నం

బావగారికి,

కవరు విప్పే ముందు రెండుసార్లు ఊపి చూశాను. లోపల కాగితం తప్ప ఏమీ లేదని తేలాక చదివాను. మీరు ఏది నిజంగా రాస్తారో, ఏది వేళాకోళమో తెలియక రెండోసారి కూడా చదివాను.

ఫిల్టర్ అన్నాక కొంత నీరు బయటికి పోవాలి. ఉప్పూ సున్నమూ ఆ నీటితోనే కొట్టుకుపోతాయి. మెషిన్ ఆగినా నీళ్ళు వస్తున్నాయంటే లోపల కరెంటుతో మూసుకునే వాల్వులో మట్టి చేరి ఉంటుంది. వాడనప్పుడు గోడ దగ్గర నల్లా కట్టేయండి. అంతకంటే చేయగలిగింది పెద్దగా లేదు.

ఉత్తరం ఎలాగూ వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. నా భార్యకి, మీకు చెల్లెలి వరసే కదా, నడుం పూస జరిగింది. అయిదు నిమిషాలు నిలబడితే గోడ పట్టుకుంటోంది. ఏడు వారాల్లో ఆపరేషన్. ఆ తరువాత నెల రోజులు వంగకూడదు, గ్లాసు కంటే బరువైనది ఎత్తకూడదు. నేను షాపు మూస్తే తిండి లేదు, తీస్తే ఇంట్లో మనిషి లేదు. ఆవిడ తరఫున వచ్చేవాళ్ళు ఎవరూ లేరని మీకు తెలుసు. అక్కని రమ్మని ఫోన్లో అడిగాను. "చూద్దాంలే" అంది. చిన్నప్పటి నుంచి నేనేది అడిగినా ఆ మాట అనలేదు. ఆపరేషన్ కంటే ఆ మాటకే నాకు భయంగా ఉంది.

ఎందుకు రాదో మీకు తెలిసి ఉంటుంది. జోకులు తీసేసి రాయండి.

మీ బావమరిది

*

వంటింట్లోంచి, అదే స్టూలు

పానాకి,

ఎందుకు రాదో రాస్తాను. జోకులు తీసేస్తే నా ఉత్తరంలో చిరునామా మాత్రమే మిగులుతుంది గానీ, ప్రయత్నిస్తాను.

బకెట్‌ని నా చేతిలో పెట్టి రాదు. రెండేళ్ళ కిందట స్నేహితురాలిని చూడటానికి ఒక్క పూట ఆసుపత్రికి వెళ్ళింది. బకెట్ జాగ్రత్త అని మూడుసార్లు చెప్పింది. ఇరవై నిమిషాలకోసారి లేవడం ఏమిటని నేను బుర్ర ఉపయోగించాను. గొట్టానికి ఇంకో గొట్టం తగిలించి కిటికీ బయటికి వదిలాను. కింద జిరాక్సు షాపు ఆయన బట్టతల మీద చుక్క చుక్క పడుతుంటే, ఆయన ఆకాశం వైపు చూస్తుంటే, నేను కర్టెన్ వెనక నిలబడి నవ్వుకున్నాను. నవ్వుతూ వెళ్ళి పడుకున్నాను. గొట్టం గాలికి జారి ఆయన షాపు గోడకున్న వెంటిలేటర్‌లోకి దూరింది. లేచేసరికి ఆయన కాగితం బండిళ్ళన్నీ నాని, లావెక్కి, అల్మరా తలుపులు తోసుకుని బయటికి వస్తున్నాయి. అప్పటి నుంచి మీ అక్క ఒక్క పూట కూడా ఇల్లు కదల్లేదు. నీ ఇంటికి నెల రోజులు రమ్మంటే ఎలా వస్తుంది?

నల్లా కట్టేయమన్నావు. దాని పిడి విరిగిపోయింది. నేనే దానికి ఇస్త్రీ చేసిన సూటు తగిలించి విరగ్గొట్టాను.

ఇంకొకటి ఉంది. చెప్పకుండా ఉందామనుకున్నాను. నీకు మొదటి ఉత్తరం రాయడానికి నెల ముందు, గుడ్డ మడతలు కదలకుండా పట్టే ఇనప క్లిప్పు తీసుకుని ఆ వృథా గొట్టానికి బిగించాను. ధార దారమంత అయింది. బకెట్ నిండటానికి గంటన్నర పట్టింది. ఫిల్టర్‌ని నేనే కొత్తగా తీర్చిదిద్దానని మీ అక్క ముందు ఛాతీ విరుచుకుని తిరిగాను. ఆవిడ కూడా నమ్మి, ఆ మధ్యాహ్నం కాసేపు కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఆ కూర్చోవడం చూసి నాకు నేనే శాలువా కప్పుకోవాలనిపించింది. మూడో వారానికి మంచినీళ్ళు సన్నబడ్డాయి, నాలుక మీద ఉప్పగా తగిలాయి, పంపు పళ్ళు నొప్పిపుట్టిన మనిషిలా మూలగడం మొదలుపెట్టింది. క్లిప్పు తీసేశాను. ఇప్పుడు ముందు కంటే ఎక్కువ పోతున్నాయి.

అది చాలదని బకెట్ నీళ్ళు ఆవిరి ఇస్త్రీ పెట్టెలో పోశాను, పొదుపు అని. బ్యాంకు మేనేజరు నల్ల కోటు మీద తెల్లటి మచ్చలు పడ్డాయి, సున్నం బ్రష్షు దులిపినట్టు. ఆయన ఇంకా చూడలేదు. నేను మాత్రం రోజూ చూస్తున్నాను.

ఇదీ పరిస్థితి. నాకు నా మీదే విసుగ్గా ఉంది, ఇది నాకు అలవాటు లేని విసుగు. ఏదో ఒకటి పంపు.

నీ బావ

*

షాపు నుంచి

బావగారికి,

క్లిప్పు దగ్గరికి వచ్చేసరికి ఉత్తరం బల్ల మీద పెట్టి, బయటికి వెళ్ళి కాసేపు నిలబడ్డాను.

ఉప్పుని తోసుకుపోయే నీటినే మీరు ఆపేశారు. ఆ ఉప్పంతా మెంబ్రేన్ మీద గారలా పట్టింది. మెంబ్రేన్ అంటే నీళ్ళని వడకట్టే చుట్ట, మెషిన్‌కి ప్రాణం. అది పోయింది. ఇంకెన్నిసార్లు చేతిలో ఉన్నది పట్టుకుని బాగుచేయబోతారు? మీకు విసుగ్గా ఉందన్నారు. నాకు కోపంగా ఉంది, ఆ కోపం చూపించడానికి కూడా తీరిక లేదు. ఆపరేషన్‌కి అయిదు వారాలే ఉంది.

పార్సిల్ పంపుతున్నాను. అందులో కొత్త మెంబ్రేన్, కొత్త వాల్వు, గోడకి కొత్త నల్లా, వేలెడంత తెల్ల గొట్టం ఒకటి ఉంటాయి. ఆ తెల్ల గొట్టాన్ని రిస్ట్రిక్టర్ అంటాం. వృథా నీళ్ళు ఎంత వేగంగా పోవాలో అదే అదుపు చేస్తుంది. ముందు మేడ మీద ట్యాంకు నుంచి వచ్చే నీళ్ళు ఆపి, నల్లా మార్చండి. తరువాత మెంబ్రేన్‌ని చివరిదాకా తోయండి, తోశాననుకున్నాక ఇంకోసారి తోయండి. వాల్వు మీద బాణం గుర్తు నీళ్ళు పోయే వైపు ఉండాలి. మొదటిసారి నిండిన నీళ్ళు తాగొద్దు, పారబోయండి. అప్పుడు రెండు గొట్టాల కిందా రెండు పాత్రలు పెట్టి, రెండు నిమిషాలు పట్టి, ఏది ఎంత వచ్చిందో కొలిచి రాయండి.

పాత తెల్ల గొట్టం పారేయకండి. అక్కకి చూపించకండి. కవరులో పెట్టి నాకు పంపండి, పరీక్షకి కావాలి.

మీ బావమరిది

*

వంటింట్లోంచి, నేల మీద

పానాకి,

పార్సిల్ వచ్చింది. పొద్దున్న మొదలుపెట్టాను. మీ అక్క గుమ్మానికి ఆనుకుని, మోచెయ్యి పట్టుకుని, ఒక్క మాట కూడా అనకుండా చూసింది. ఏదైనా అని ఉంటే బాగుండేది. తిడుతుంటే నాకు పని సాగుతుంది.

నల్లా ఒక్కటీ మొదటిసారే కుదిరింది. తరువాత రెండు గొట్టాల్లోంచీ ఒకే రుచి నీళ్ళు వచ్చాయి. మెంబ్రేన్ చివరిదాకా వెళ్ళలేదు. విప్పి, మోకాలు పెట్టి తోశాను. రెండోసారి మంచినీళ్ళు బాగానే వచ్చాయి గానీ మెషిన్ ఆగినా ధార ఆగలేదు. వాల్వు బాణం మా ఇంటి వైపు కాక నీ ఊరి వైపు చూస్తోంది. తిప్పాను. ఒక జాయింటు నా చొక్కా తడిపింది, ఇంకో జాయింటు గోడ తడిపింది. మూడోసారికి ఆగింది. ట్యాంకు నిండగానే టక్కున ఒక చప్పుడు, అంతే. గొట్టం చివర ఒక చుక్క వేలాడి, పడాలా వద్దా అని ఆలోచించి, ఉండిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే గుమ్మం దగ్గర మీ అక్క లేదు. లోపల గదిలో కూర్చుని ఉంది, చప్పుడు వినిపించిందా అంటే వినిపించిందని తల ఊపింది.

పాత తెల్ల గొట్టం కవరులో పెట్టబోయాను. నువ్వు అక్కకి చూపించొద్దని రాయకపోయి ఉంటే నేను కూడా చూసేవాణ్ణి కాదు. మనుషుల్ని ఏడిపించి బతికినవాణ్ణి నేను, ఎవరైనా ఏదైనా దాస్తుంటే నాకు వాసన వస్తుంది.

రెండు గొట్టాలూ గుడ్డ మీద పక్కపక్కన పెట్టాను. పొడుగు ఒకటే, లావు ఒకటే, రంగు ఒకటే. పాతదాని మీద 800 అని ఉంది. నువ్వు పంపినదాని మీద 300. నేను ఎనిమిదో క్లాసు దాటలేదు, కానీ కొలతలే నాకు అన్నం పెడుతున్నాయి. ముప్పై నడుముకి ఎనభై ప్యాంటు కుట్టి, జారిపోతోందంటే అది నడుము తప్పు కాదు.

కొలిచాను. కొత్త గొట్టంతో ఒక గ్లాసు మంచినీళ్ళకి గ్లాసున్నర పోయింది. కొత్త మెంబ్రేన్ అలాగే ఉంచి, పాత గొట్టం మళ్ళీ తగిలించి కొలిచాను. ఒక గ్లాసుకి నాలుగు నిండి అయిదోది మొదలైంది. మళ్ళీ కొత్తదే పెట్టేశాను.

నా క్లిప్పు నెల రోజుల సంగతి. దీని సంగతి ఏమిటి? ఇది అక్కడికి ఎలా వచ్చింది? ఒక్క ముక్కలో రాయి.

నీ బావ

*

ఇంటి నుంచి, మీ చెల్లెలు పడుకున్న గది బయట

బావగారికి,

ఒక్క ముక్కలో రాయాలంటే, నేనే పెట్టాను.

మీకు ఫిల్టర్ బిగించిన నెల డీలరు సరైన సైజు అయిపోయిందని 800 డబ్బా పంపాడు. అందులో పన్నెండు ఉన్నాయి. పెద్ద మెషిన్లకి పెట్టేవి అవి. ఇంట్లో మెషిన్‌కి పెడితే మంచినీళ్ళు తక్కువ వస్తాయి, వృథా ఎక్కువ పోతుంది, అంతేగా, వచ్చే నెల మార్చేద్దాం అనుకున్నాను. ఆ డబ్బాలో ఒకటి సంచీలో వేసుకుని మీ ఇంటికి వచ్చాను. బిగించాక అక్క చూసి, "ఇన్ని నీళ్ళు పోతాయేంట్రా?" అంది. "ఫిల్టరంటే ఇంతే అక్కా" అన్నాను. ఆవిడ నమ్మింది. నమ్మింది కాబట్టే బకెట్ పెట్టింది.

తరువాతి నెల మీరు ఫోన్ చేశారు, నీళ్ళు వరదలా పోతున్నాయి, వచ్చి చూడమని. శ్మశానం గేటు దగ్గర నుంచి వచ్చి అప్పటికి వారం కాలేదు. నవ్వి పెట్టేశాను. మీ నంబరు ఆ రోజే బ్లాక్ చేశాను. మీరు నిజమే చెప్తున్నారని నాకు ఎక్కడో తెలుసు బావగారూ. మీ వేళాకోళం నాకు సాకుగా దొరికింది. ఏటా ఫిల్టర్‌లో మార్చాల్సిన కాట్రిడ్జులు పార్సిల్ పంపేవాణ్ణి, అందులో ఈ వేలెడు గొట్టం ఒకటి వేస్తే సరిపోయేది. వేస్తే, ఇంతకుముందు ఏది పెట్టావని అడుగుతారు. ఏడాది గడిచే కొద్దీ అది పంపడం కష్టమైంది. అక్క ఫోన్ చేస్తే అన్నీ అడిగేవాణ్ణి, ఫిల్టర్ సంగతి తప్ప.

ఇప్పుడు నా ఇంట్లో మనిషి లేవలేని స్థితిలో ఉంటే, సాయం పట్టమని అడగాల్సింది ఆ మోచేతినే. ఆపరేషన్ అయ్యేదాకా అక్కకి చెప్పకండి. తరువాత నేనే చెప్తాను. ఈ ఒక్కటీ చేసిపెట్టండి.

మీ బావమరిది

*

షాపు గదిలోంచి

పానాకి,

మూడు రోజులు ఆగి రాస్తున్నాను. మొదటి రోజు రాసినది పోస్టుమ్యాన్ చేతికి కూడా ఇవ్వదగ్గది కాదు, చింపేశాను.

నిన్ను జీవితాంతం ఏడిపించడానికి ఇంత సరుకు నా చేతికి ఎప్పుడూ దొరకలేదు. తీరా దొరికాక, సగం నా వైపే తిరిగి ఉంది. పాతికేళ్ళలో నీకు ఒకే ఒక్కసారి నిజమైన ఫోన్ చేశాను. అది నువ్వు నమ్మకుండా చేసింది ఎవరు? పైగా నువ్వు ఎక్కడో ఉన్నావు. నేను ఇక్కడే, కుట్టు మిషన్ ముందు కూర్చుని, ఆవిడ బకెట్ పట్టుకుని ముందు నుంచి వెళ్తుంటే "నీళ్ళ శాఖ మంత్రిగారు వస్తున్నారు, దారి ఇవ్వండి" అని అరిచేవాణ్ణి. మొదటి ఏడాది నవ్వేది. ఎప్పుడు మానేసిందో నేను గమనించలేదు.

మీ అక్కకి నీ సంగతి చెప్పలేదు. క్లిప్పు వల్లే ఇదంతా వచ్చిందని, తప్పు మొత్తం నాదేనని చెప్పాను. నా ముఖం వైపు కాసేపు చూసి "అలాగా" అంది.

మెషిన్ బాగానే ఉంది. మొదటి రోజు సాయంత్రం నాలుగుసార్లు వెళ్ళి గొట్టం చూసి వచ్చింది. రెండో రోజు రెండుసార్లు. నిన్న పెట్టె కిందికి దించింది. ఆపరేషన్‌కి రెండు రోజుల ముందు బస్సెక్కుతుంది. మోచేతికి ఎక్కువ పని పెట్టావంటే ముసలమ్మ గొంతు కాదు, నా గొంతుతోనే వస్తాను.

నీ ఉత్తరాలు మీ అక్క వెతకని చోట దాచాను. నిశ్చింతగా ఉండు.

నీ బావ

*

షాపు గదిలోంచి, ఆయన బయటికి వెళ్ళాక

తమ్ముడికి,

మీ బావ నీ ఉత్తరాలు దాచింది గుండీల డబ్బా అడుగున. ఈ ఇంట్లో గుండీలు కుట్టేది ఎవరో ఆయనకి ఇంకా తెలియదు కాబోలు.

మూడూ చదివాను. ఇంతే అక్కా అన్నావు, ఇంతే కాబోలనుకున్నాను. ఇంకెవరినీ అడగలేదు. ఆ పని తెలిసినవాడు నా తమ్ముడే కదా, ఇంకొకరిని అడగడం ఎందుకు? పక్కింటావిడ వాళ్ళ ఫిల్టర్ ఇన్ని నీళ్ళు వదలదంటే, మీది చవకరకం అయ్యుంటుంది, మాది నా తమ్ముడు బిగించాడు అని చెప్పాను. ఆవిడ ముందు ఆ మాట అన్నప్పుడు కూడా నా చేతిలో బకెట్ ఉంది.

నేను వస్తున్నాను. నీ భార్య నడుం ఏం చేసింది పాపం. నెల రోజులు ఉంటాను. వండుతాను, ఆమెని లేపి కూర్చోబెడతాను. నీతో మాట్లాడను. బస్టాండుకి రాకు, ఇల్లు నాకు తెలుసు.

నేను చదివానని ఆయనకి రాయకు. తప్పంతా నెత్తిన వేసుకుని తిరుగుతున్నారు. నేను బకెట్ వైపు చూస్తే చాలు, చేతిలో కత్తెర పడేసి లేచి నిలబడుతున్నారు. పాతికేళ్ళలో ఇదే మొదలు. కొన్నాళ్ళు అలాగే ఉండనీ.

అక్క

*

ఇంటి నుంచి, వరండాలో

బావగారికి,

ఆపరేషన్ బాగా జరిగింది. మీ చెల్లెలు నిన్న గుమ్మందాకా నడిచి, వెనక్కి కూడా తనే నడిచింది.

అక్క వద్దన్నా ఇది రాస్తున్నాను, ఇంక నేను ఏదీ దాచను. ఆవిడకి అంతా తెలుసు. ఇక్కడికి రాకముందే తెలుసు. మీరు దాచిన చోటు ఎలాంటిదో మీరే ఆలోచించుకోండి.

వచ్చి ఇరవై రోజులైంది, నిన్నటిదాకా నాతో మాట్లాడలేదు. నేను ఎదురుగా కూర్చుని ఉంటే మంచం మీద ఉన్న ఆమెతో "ఇంకాస్త అన్నం కావాలేమో కనుక్కో" అంటుంది. ఆమె నన్ను అడుగుతుంది, నేను చాలని ఆమెకి చెప్తాను, ఆమె అక్కకి చెప్తుంది. తిట్టినా బాగుండును. ఇంట్లో నా ప్లేటు, నా చొక్కా, నా కాఫీ అన్నీ వేళకి ఉంటాయి. నేనే లేను.

నిన్న మధ్యాహ్నం అన్నం పెట్టి, ఎదురుగా నిలబడి మాట్లాడింది.

"ఆ డబ్బాలో పన్నెండని రాశావు. మా ఇంట్లో ఒకటి. మిగతావి ఎవరి ఇళ్ళల్లో ఉన్నాయి?"

పదకొండు ఇళ్ళూ నాకు తెలుసు బావగారూ, పుస్తకం చూడక్కర్లేదు. అన్నీ ఈ చుట్టుపక్కలే. కొన్ని ఇళ్ళకి ఏటా వెళ్తూనే ఉన్నాను, చుట్టూ అన్నీ మార్చి దాన్ని మాత్రం ముట్టుకోకుండా వస్తాను. ఇప్పుడు వెళ్ళి ఏమని చెప్పను? సర్వీసు అని చెప్పి నోరు మూసుకుని మార్చేసి రావచ్చు. ఆ మాటే అంటే అక్క కంచం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఉన్నది చెప్తే రేపటి నుంచి నన్ను ఏ వంటింట్లోకి రానిస్తారు? ఈ పని తప్ప నాకు ఇంకోటి రాదు.

ఏం చేయమంటారు?

మీ బావమరిది

*

షాపు గదిలోంచి

పానాకి,

నన్ను సలహా అడిగావంటేనే నీ పరిస్థితి ఎంత దిగజారిందో అర్థమవుతోంది.

ముందుగా, గుండీల డబ్బా సంగతి ఇంకెవరికీ చెప్పకు. ఇన్నాళ్ళూ నేను జాలిగా ముఖం పెడితే ఆవిడ జాలిగా చూస్తోందనుకున్నాను. నన్ను ఆడించింది. పాతికేళ్ళ అనుభవం ఉన్నవాణ్ణి నేను.

ఇక నీ సంగతి. బ్యాంకు మేనేజరు కోటు గుర్తుందా? వారం కిందట ఆయన వచ్చాడు. కొత్త రంగు పట్టిందనో, కోటు ఇంకా కుట్టలేదనో చెప్పడానికి నోట్లో ఆరు అబద్ధాలు సిద్ధంగా పెట్టుకున్నాను. మీ అక్క ఇంట్లో లేదు, వినేవాళ్ళు కూడా లేరు. అయినా ఎందుకో కోటు తెచ్చి ఆయన ముందు పరిచి, ఈ మచ్చలు నా పొదుపు వల్ల పడ్డవి, ఇంకోటి కుట్టి ఇస్తాను అన్నాను. తిట్టాడు. మంచి చదువుకున్న తిట్లు, సగం నాకు అర్థం కాలేదు. గోడ గడియారం చూశాను, పావుగంట తిట్టాడు. తరువాత చేతులు చాపి కొలతలు తీసుకోమన్నాడు.

పావుగంట. నువ్వు నాలుగేళ్ళుగా మోస్తున్నది పావుగంట సరుకు. పదకొండు ఇళ్ళంటే మూడు గంటలు కూడా కాదు. ఎవరో ఇద్దరు ముగ్గురు మళ్ళీ రానివ్వకపోవచ్చు, నీ గురించి వీధిలో చెప్పుకోవచ్చు. చెప్పుకోనీ. నోరు మూసుకుని మార్చి వస్తే మాత్రం మీ అక్క ఇక్కడికి తిరిగి వచ్చినా నీతో మంచం మీద ఉన్న మనిషి ద్వారానే మాట్లాడుతుంది. ఫోన్లో అది ఎంత కష్టమో ఆలోచించు.

నీ బావ

*

ఇంటి నుంచి

బావగారికి,

ఈ రోజు మొదటి ఇంటికి వెళ్ళాం. వెళ్ళాం అంటే, నేను సంచీ తీసుకుని చెప్పులు వేసుకుంటుంటే అక్క కూడా వేసుకుంది. ఎందుకని అడగలేదు.

మూడో వీధిలో ట్యూషన్లు చెప్పే ఆవిడ ఇల్లు అది. ఒంటరి మనిషి, అరవై దాటి ఉంటాయి. దారంతా మాటలు కూడగట్టుకున్నాను. డీలరు పేరు ఎక్కడ తేవాలి, ఎక్కడ తేకూడదు, అన్నీ. తలుపు తట్టాను. తీసి, నన్ను చూసి నవ్వి, "ఒక్క నిమిషం ఉండు నాయనా, నిండిపోయి ఉంటుంది" అని లోపలికి తిరిగింది.

వంటింట్లోంచి వస్తోంది. రెండు చేతులా బకెట్, ఒళ్ళంతా ఒక పక్కకి ఒరిగిపోయి, అడుగడుగుకీ కాస్త ఒలుకుతూ. గుమ్మంలోనే నిలబడిపోయాను.

అక్క నన్ను దాటి లోపలికి వెళ్ళి, ఎడమ చేత్తో ఆ బకెట్ అందుకుంది. ఆవిడ మొహమాటపడి, "పర్లేదమ్మా, అలవాటైపోయింది, బరువు తెలియదు" అంది.

అక్క బకెట్ కింద పెట్టలేదు. అలాగే పట్టుకుని నా వైపు తిరిగింది.

"చెప్పరా" అంది.

చెప్పాను.

మీ బావమరిది